ప్రిపోజిషన్ గారికి, మీ మీద కోపంతో

‘ఇన్’, ‘ఆన్’, ‘విత్’ అంటూ మాటల ముందు తిరిగే ఇంగ్లీషు ప్రిపోజిషన్ గారికి నమస్కారం.

ఈ ఉత్తరం మీకు రాస్తున్నానా, మీ గురించి రాస్తున్నానా, మీ మీద రాస్తున్నానా అన్న టెన్షన్ నాకు లేదు. తెలుగులో రాస్తున్నాను కదా, మూడూ కలిపే రాసుకుంటాను.

నిన్న ఆఫీసులో నాలుగు లైన్ల మెయిల్ ఒకటి పంపాల్సి వచ్చింది. మూడు లైన్లు రెండు నిమిషాల్లో అయిపోయాయి. నాలుగో దాంట్లో క్లయింటుకి మా మీద కోపంగా ఉందని చెప్పాలి. ‘యాంగ్రీ’ దాకా వచ్చి ఆగిపోయాను. కర్సర్ కొట్టుకుంటూనే ఉంది. ‘ఆన్ అస్’ అన్నాను. ఎర్రగీత రాలేదు. రాకపోతేనే నాకు భయం. స్పెల్లింగు తప్పితే కంప్యూటరు అరుస్తుంది, మీరు తప్పితే చదివినవాళ్ళు లోపల్లోపల నవ్వుకుంటారు. ‘విత్’ పెట్టి చూశాను. విత్ అంటే ‘తో’ కదా, ఆయనా మేమూ కలిసి ఇంకెవరి మీదో కోపంగా ఉన్నామనుకుంటే? తీసేశాను. చివరికి ‘ద క్లయింట్ ఈజ్ నాట్ హ్యాపీ’ అని రాసి చుక్క పెట్టేశాను, మీకు జాగా లేకుండా. పంపాక చూస్తే మనిషి మీద కోపానికి ‘విత్’ అయినా ‘ఎట్’ అయినా ఒప్పేనట!

మా ‘మీద’ని చూడండి. ప్రేమ మీ మీదే, కోపం మీ మీదే, నమ్మకం, అనుమానం, పెత్తనం అన్నీ మీ మీదే. ఒక్క మాట ఇంత బరువు మోస్తోంది. మీ దగ్గరికి వచ్చేసరికి ప్రేమకి ‘ఫర్’, నమ్మకానికి ‘ఇన్’, అనుమానానికి ‘ఆఫ్’, పెత్తనానికి ‘ఓవర్’. ఆధారపడటానికి మాత్రం ‘డిపెండ్ ఆన్’, అచ్చం మా ‘మీద’లాగే. హమ్మయ్య అనుకునేలోపు ‘ఇండిపెండెంట్ ఆఫ్’ అన్నారు. స్వతంత్రం రాగానే ప్రిపోజిషన్ కూడా మారాలా?

పెళ్ళి సంగతి సరేసరి. మాకు ఒకరి‘తో’ అవుతుంది, మీకు ‘టు’ అవుతుంది. ‘మ్యారీడ్ విత్’ అంటే తప్పట. కలిసి బతకాల్సిన చోట ‘విత్’ వద్దన్న ఇంగితం మీదొక్కరిదే.

‘డిస్కస్’ పక్కన ‘అబౌట్’ పెడితే తప్పు. పోనీ, అది క్రియ, దానికి తోడు అక్కర్లేదనుకుందాం. అదే ‘డిస్కషన్’ అయితే ‘అబౌట్’ ఒప్పేనట. ‘టాక్’కి ఎటూ కావాలి. మేం దేని గురించి మాట్లాడినా, చర్చించినా, గొడవపడినా ‘గురించి’ ఒక్కటే. అది కూడా పిలవకుండానే వస్తుంది, మీలా బతిమాలించుకోదు.

కారులో అయితే ‘ఇన్’, బస్సులో అయితే ‘ఆన్’. లేచి నిలబడి నడవగలిగితే ‘ఆన్’ అని ఎవరో సూత్రం చెప్పారు. భలే ఉందని రాసుకున్నాను. సైకిలుకి కూడా ‘ఆన్’ అని తెలిశాక కొట్టేశాను.

మీ ఊసు సొంతవాళ్ళనీ పడుకోనివ్వలేదని తెలిసి కాస్త కడుపు చల్లబడింది. మీరు వాక్యం చివర నిలబడటం తప్పని 1672లో జాన్ డ్రైడెన్ అనే కవి బెన్ జాన్సన్ అనే నాటక రచయిత రాతని పట్టుకున్నాడు. తర్వాత తన పాత వ్యాసమే తిరగేస్తే అందులోనూ చివర్లో మీరే! 1684 ముద్రణకి కూర్చుని దిద్దుకున్నాడు పాపం. మా విభక్తులు పుట్టినప్పటి నుంచీ మాట వెనకే నిలబడ్డాయి, వాటికెప్పుడూ నామోషీ అనిపించలేదు.

మీ పేరులోనే ‘ప్రి’, అంటే ‘ముందు’, ఉంది కాబట్టి అంత పట్టింపేమో.

క్లయింటుకి ఈరోజు ఇంకో మెయిల్ పెట్టాలి. ‘లుకింగ్ ఫార్వర్డ్ టు’ వరకు వచ్చాను. తర్వాత ‘మీట్’ అనాలా ‘మీటింగ్’ అనాలా అని పావుగంటగా చూస్తున్నాను. ఫోన్ చేసేస్తే పోలా.

ఇట్లు,
మీ వల్ల, మీ చేత, మీ కోసం విసిగిన
ఒక ఉద్యోగి
(నప్పినది ఉంచుకుని మిగతావి కొట్టేయండి)