సవరణ: ‘ఇనెవిటబ్లీ’ అంటే ‘తప్పనిసరిగా’ కాదు

మొన్నటి పోస్టులో ‘ఇనెవిటబ్లీ’ అనే ఇంగ్లీషు క్రియావిశేషణానికి ‘తప్పనిసరిగా’ అని అర్థం రాసి, ‘హెల్మెట్ తప్పనిసరిగా పెట్టుకోవాలి’ వంటి వాక్యంలో వాడవచ్చన్నాను. అది నా పొరపాటు. ప్రామాణిక ఇంగ్లీషు నిఘంటువుల ప్రకారం, ‘తప్పించుకోవడం’ అనే అర్థమున్న లాటిన్ క్రియకు ముందు వ్యతిరేకార్థకమైన ‘ఇన్’ చేరగా ఏర్పడిన ఈ మాట, నియమాన్ని గాక, ఎవరు వద్దన్నా జరిగి తీరే పరిణామాన్ని చెబుతుంది. హెల్మెట్ లేకుండా తిరిగేవాళ్లు ఎందరో ఉన్నారు కదా, అక్కడ ‘మస్ట్’ చాలు. ‘వయసు మీదపడితే చూపు మందగించక తప్పదు’ అనే చోట ‘ఇనెవిటబ్లీ’ సరిగ్గా అతుకుతుంది. వాక్యం మొదట్లో వస్తే ఒక్కోసారి కాస్త వెటకారం కూడా ధ్వనిస్తుంది: పెళ్లిరోజును తలచుకుని ‘ఇనెవిటబ్లీ, ఇట్ రెయిన్డ్’ అన్నారంటే, ‘అనుకున్నంతా అయింది, వాన పడనే పడింది’ అని.