సూర్యాస్తమయం నుంచి లెక్క

యూదు సంఘాల సోషల్ మీడియా చూసే ఫ్రీలాన్స్ రచయితలకు, పోస్టులను ముందే షెడ్యూల్ చేసుకుంటే షబ్బాత్ (యూదుల వారపు విశ్రాంతి దినం) అడ్డు కాదని నేను చదివిన ఒక వ్యాసంలో అన్నారు. న్యూజెర్సీలో ఒక సినగాగ్‌కు (యూదుల ప్రార్థనా మందిరానికి) ఈ పని చేస్తున్న నా అనుభవంలో అది సగమే నిజం. శుక్రవారం పొద్దు గూకకముందు నుంచి శనివారం రాత్రి చుక్కలు పొడిచేదాకా మత నియమాలను కచ్చితంగా పాటించే ఆర్థడాక్స్ కుటుంబాలు ఫోన్ ముట్టవు కనుక, ఆ వేళలో తమ పేజీలో పోస్టు దానంతటదే వెలువడడానికి కూడా కొన్ని సంఘాలు ఒప్పుకోవు. పండుగ తేదీల విషయంలో మరింత జాగ్రత్త అవసరం. 2025లో రోష్ హషానా (యూదుల కొత్త సంవత్సరం) సెప్టెంబరు 23 అని క్యాలెండర్‌లో కనిపించినా, యూదుల రోజు సూర్యాస్తమయంతో మొదలవుతుంది కనుక 22 సాయంత్రమే మొదలైంది. (తిథులు చూసుకునే మనకు ఇది తేలికగానే అర్థమవుతుంది.) ప్రాయశ్చిత్తం కోసం పాటించే ఉపవాస దినమైన యోమ్ కిప్పూర్‌కు నేను ఆపిల్, తేనె బొమ్మతో శుభాకాంక్షలు సిద్ధం చేస్తే, కార్యదర్శి గారు బొమ్మ తీయించి, ‘గ్మార్ ఖతిమా టోవా’ (మీకు మంచి తీర్పు ముద్ర పడాలి) అని మాత్రమే రాయించారు. అప్పటినుంచి ప్రతి పోస్టునూ గురువారం రాత్రికే ఆయనకు చూపిస్తున్నాను.