18 ఎక్కువా, 138 ఎక్కువా?

చిన్న దేశంలో పదవులు తక్కువ, ఆశావహులు ఎక్కువ అని బెంగపడేవారు ఒకప్పుడు సోవియట్ యూనియన్‌లో భాగమైన ఎస్టోనియా నేత సీమ్ కల్లాస్ గారి రికార్డు చూస్తే కుదుటపడతారు. 1972లో కమ్యూనిస్టు పార్టీలో చేరి, సోవియట్ పొదుపు బ్యాంకులు నడిపి, కార్మిక సంఘాలకు పెద్దగా ఉండి, 1994లో పెట్టుబడిదారులు మెచ్చే రిఫార్మ్ పార్టీ పెట్టారు. దీన్ని గోడ దూకడం అనకూడదు. గోడే కూలిపోయాక దూకడానికేముంది?

ఆయన చేసిన అన్నిటికన్నా సుఖమైన కొలువు కేంద్ర బ్యాంకు అధ్యక్షుడిది. 1992 జూన్ 20న సోవియట్ రూబుల్‌కు ఉద్వాసన పలికి సొంత కరెన్సీ క్రోన్ తెచ్చారు. ముందే పేరు నమోదు చేయించుకున్న మనిషి 1500 రూబుళ్లిస్తే, 10కి 1 చొప్పున 150 క్రోన్లు చేతిలో పెట్టారు. జర్మన్ మార్కుకు 8 క్రోన్లని చట్టంలోనే బిగించేశారు. ప్రతి క్రోన్ వెనకా బంగారమో విదేశీ మారకమో ఉండాల్సి వచ్చేది, విలువ తగ్గించే అధికారం బ్యాంకుకు ఉండేది కాదు. ఖజానా ఖాళీ అంటూ మంత్రులెవరైనా వస్తే చట్టం కాపీ చూపించి టీ ఇచ్చి పంపేసే వీలుండేది.

1999లో ఆర్థిక మంత్రి అయ్యారు. 2000 జనవరి 1 నుంచి కంపెనీ లాభం కంపెనీలోనే ఉంటే పన్ను సున్నా. పంచితేనే బాదుడు: అప్పట్లో వాటాదారు చేతికి 74 క్రోన్లు వెళ్తే సర్కారుకు 26. లాభాల మీద ఇంత సానుభూతి మాజీ కార్మిక నేతకు కాక ఎవరికుంటుంది?

ఇక అసలు లెక్క. 101 మంది ఉన్న పార్లమెంటులో రిఫార్మ్ బలం 18, భాగస్వామి సెంటర్ పార్టీది 28. రెండూ కలిపినా మెజారిటీ లేదు. అయినా 2002లో ప్రధాని పీఠం 18 వాళ్ల నేత కల్లాస్‌దే! 2003 ఎన్నికల్లో ఒక సీటు పెరిగి 19 అయింది, పీఠం పోయింది. ఓటర్లు అతిగా ఆదరిస్తే జరిగే అనర్థమిది.

ఆ తర్వాత బ్రస్సెల్స్‌లో, యూరోపియన్ యూనియన్ కార్యవర్గమైన యూరోపియన్ కమిషన్‌లో పదేళ్లు కమిషనర్. తిరిగొచ్చి 2016లో దేశాధ్యక్ష పదవికి నిలబడ్డారు. ఎన్నుకునే సభలో 335 మంది, గెలుపుకు 168 కావాలి. తొలి రౌండులో అలర్ యొక్స్‌కు 83, కల్లాస్‌కు 81. అదే రిఫార్మ్ ప్రభుత్వంలో అంతదాకా విదేశాంగ మంత్రిగా ఉన్న మరీనా కల్యురండ్‌కు 75. రెండో రౌండుకు ఇద్దరే మిగలాలి కాబట్టి ఆమె తప్పుకోవాల్సి వచ్చింది. ఆమెకు పడ్డ ఓట్లన్నీ కలిసొస్తాయని లెక్కేసుకుంటే, పెట్టెలోంచి 57 ఖాళీ కాగితాలు వచ్చాయి. కల్లాస్‌కు 138, యొక్స్‌కు 134. ఆధిక్యం కల్లాస్‌దే, పదవి మాత్రం ఎవరికీ లేదు. 168 ఎవరికీ రాకపోవడంతో నిర్ణయం పార్లమెంటుకు వెళ్లింది; అది, ఈ పోటీలోనే లేని కెర్‌స్తి కల్యులైద్‌ను 81 ఓట్లతో గెలిపించింది. అచ్చంగా కల్లాస్‌కు తొలి రౌండులో పడ్డన్ని ఓట్లే. ఎక్కడ పడ్డాయన్నదే తేడా.

2017లో ఆయన టాలిన్ పక్కనున్న విమ్సి స్థానిక సంస్థకు అధిపతి అయ్యారు. కూతురు కాయా కల్లాస్ 2021లో ప్రధాని అయి, 2024లో కమిషన్ కోసం బ్రస్సెల్స్ వెళ్లారు. దారి ఇంట్లోనే అడిగి తెలుసుకోవచ్చు కనుక కోచింగ్ ఖర్చు లేదు.