రంగు నీళ్లకు బూజు వైద్యం

అద్దకం యూనిట్ల రంగు నీళ్లకు ఇప్పుడు జరుగుతున్నది చాలావరకు శుద్ధి కాదు, సర్దుబాటు. పటిక వేస్తే రంగు బురదలోకి దిగుతుంది. యాక్టివేటెడ్ కార్బన్‌ వాడితే బొగ్గులోకి చేరుతుంది. ఆర్‌వోకు పంపితే మిగిలిన చిక్కటి ఉప్పునీటిలో ఉండిపోతుంది. రంగు అణువుకు మాత్రం ఏమీ కాదు.

దాన్ని నిజంగా ముక్కలు చేసేవి ఉన్నాయి. మోడులపై పెరిగే ట్రామెటిస్ వెర్సికలర్ లాంటి తెల్లకుళ్లు శిలీంధ్రాలు. కలపకు గట్టిదనమిచ్చే లిగ్నిన్ అణువుల అమరికకు ఒక క్రమమంటూ ఉండదు. అందుకే దాన్ని విరగ్గొట్టడానికి ఇవి వదిలే లాకేజ్, పెరాక్సిడేజ్ ఎంజైములకూ పెద్దగా పట్టింపులు లేవు. రంగు అణువు ఎదురైనా అదే పని చేస్తాయి. గాలి తగలని ట్యాంకులో బ్యాక్టీరియా అజో రంగుల్లో ఉండే జంట నైట్రోజన్ బంధాన్ని తెంపితే నీళ్లు తేటపడతాయి గానీ, అరోమాటిక్ అమైన్లనే ముక్కలు మిగులుతాయి. వాటిలో కొన్ని క్యాన్సర్ కారకాలు. ఫినాల్ అనే రసాయన భాగం ఉన్న అజో రంగులను లాకేజ్ ఆక్సీకరిస్తే ఆ బంధంలోని నైట్రోజన్ వాయువుగా పోతుంది. నన్ను ఊరించేది ఈ తేడానే.

ఫ్లాస్కులో ఊపుతూ పెంచితే శిలీంధ్రం తెల్లటి ఉండలు కడుతుంది. నీలి రంగు పోస్తే ముందు ఉండలే నీలంగా మారతాయి. అలాగే ఉండిపోతే పీల్చుకుందంతే. మళ్లీ తెల్లబడితేనే రంగు విరిగిందని నమ్మాలి. నీళ్లు తేటపడ్డాయని మురిసిపోయేవాళ్లు ఈ ఉండల వైపు కూడా ఒకసారి చూడాలి.

అద్దకం నీళ్లు వేడిగా, క్షారంగా, ఉప్పగా ఉంటాయి. శిలీంధ్రాలకు కాస్త పుల్లటి నీళ్లు కావాలి. పైగా అవి నిదానంగా పనిచేస్తాయి, ఈలోగా బ్యాక్టీరియా వాటిని వెనక్కి నెట్టేస్తుందంటారు. ఇబ్బందే, కాదనను. కానీ చల్లార్చడం, క్షారాన్ని తగ్గించడం ప్లాంట్లకు కొత్తేమీ కాదు. జీన్స్ వెలిసిపోయినట్టు కనిపించాలని ఇదే లాకేజ్‌ను డబ్బులిచ్చి కొంటున్న పరిశ్రమే, తన మురుగు దగ్గరికొచ్చేసరికి ఇది ఆచరణలో కుదరదంటే ఎలా?

అసలు చిక్కు మన కొలతల్లో ఉంది. గొట్టం చివర నీళ్లు పరీక్షించి పాస్ చేసేస్తాం. లారీలో వెళ్లిపోయే బురదకు అంత పట్టింపు ఉండదు. నీటి రిపోర్టుతో పాటు బురద తూకం, శుద్ధి తర్వాత మిగిలిన విషప్రభావం కూడా తప్పనిసరిగా అడగాలి. బురదను పూడ్చే ఖర్చు, ఆ నేలను దశాబ్దాలపాటు కాచుకునే ఖర్చు ఆ యూనిట్ ఖాతాలోనే రాయాలి. ఆ లెక్కతో పోల్చాక శిలీంధ్రాల ట్యాంకు ఖరీదెక్కువో తక్కువో మాట్లాడదాం.