రసీదు మీద భాష

(ఈఏపీసెట్ కౌన్సెలింగ్ రోజులు. బాబాయి ఒక ప్రైవేటు యూనివర్సిటీలో అడ్మిషన్లు చూస్తాడు. అమ్మాయి భాషాశాస్త్రంలో పీహెచ్‌డీ చేస్తోంది. గొడవంతా తమ్ముడి సీటు గురించే. తమ్ముడు మాత్రం పక్కగదిలో ఫోన్ చూసుకుంటున్నాడు.)

బాబాయి: మా బ్రోషర్‌ని ఇంత పట్టిపట్టి చదివిన మనిషిని నిన్నొక్కదాన్నే చూశానమ్మా. తప్పులేమైనా దొరికాయా?

అమ్మాయి: అచ్చుతప్పుల్లేవు బాబాయ్. ముందు అట్ట మీద ‘నీ కలలకు ఇక్కడే రెక్కలు’. వెనక అట్ట మీద ‘మీ పిల్లల భవిష్యత్తు మా బాధ్యత’. ఒకే కాగితం కొడుకుని నువ్వంటోంది, నాన్నని మీరంటోంది. ఫీజు కట్టేదెవరో దానికి బాగా తెలుసు.

బాబాయి: తెలియొద్దా మరి? ఇంట్లో ఇద్దరూ కూర్చుని తేల్చుకునే విషయం కదా. వాక్యం కనబడితే చాలు అనుమానించడమేనా మీ చదువు?

అమ్మాయి: ఎవరు ఎవరితో ఏ హోదాలో మాట్లాడుతున్నారో చూడటం. క్రిటికల్ డిస్కోర్స్ అనాలిసిస్ అంటారు. నార్మన్ ఫెయిర్‌క్లఫ్ అని ఇంగ్లండ్‌లో లాంకాస్టర్ యూనివర్సిటీ ప్రొఫెసర్ ఉండేవాడు. ఆయన సొంత యూనివర్సిటీ ప్రాస్పెక్టస్‌లనే ముందేసుకున్నాడు. 1967-68 నాటిది, 1986-87 నాటిది, 1993 నాటిది. మొదటిది సమాచారం చెప్పి ఊరుకుంటుంది. చివరికొచ్చేసరికి ‘మేము’, ‘మీరు’ అంటూ పలకరింపులు, ఊరింపులు. షరతులున్నాయి గానీ మెత్తబడ్డాయి. యూనివర్సిటీ సంతలోకి దిగిందని మాటల్లోంచే పట్టుకున్నాడు.

బాబాయి: పలకరిస్తే తప్పేంటి? మా నాన్న దరఖాస్తు పెట్టిన రోజుల్లో ప్రకటన ఎలా ఉండేదో తెలుసా? ‘అసంపూర్తి దరఖాస్తులు తిరస్కరించబడును. గడువు దాటిన దరఖాస్తులు పరిశీలింపబడవు.’ అన్నీ ‘బడు’లే! ఎవరు తిరస్కరిస్తారో ఉండదు, ఎందుకో ఉండదు. ఇంట్లో చదువుకున్నవాళ్లు లేని పిల్లాడు అది చదివి గేటు దగ్గరే ఆగిపోయేవాడు. మేం ‘రా’ అంటున్నాం. వైఎస్ హయాంలో ఫీజు రీయింబర్స్‌మెంట్ వచ్చాక ఆ పిల్లాడికి కాలేజీని ఎంచుకునే వీలొచ్చింది. వాడు ఎంచుకుంటాడు కాబట్టే మేం అడుగుతున్నాం. అది మర్యాద కాదా?

అమ్మాయి: ఒప్పుకుంటా. ఆ ‘బడును’ భాష మీద నాకూ ప్రేమ లేదు. అయితే ‘రా’ అన్నాక ఏం చెబుతున్నావన్నదే నా ప్రశ్న. ఇదిగో, ‘100% ప్లేస్‌మెంట్స్’. ఎవరిలో వంద శాతం?

బాబాయి: ప్లేస్‌మెంట్ సెల్లో రిజిస్టరైన వాళ్లలో. అందరూ అలాగే లెక్కేస్తారు.

అమ్మాయి: బ్యాక్‌లాగ్స్ ఉన్నాయని రిజిస్టర్ చేసుకోనివ్వని వాళ్లు లెక్కలోకి రారు కదా. ‘అత్యధిక ప్యాకేజీ’ అని అరచేయంత అక్షరాల్లో వేశారు, పక్కన చుక్కగుర్తు. ఆ చుక్క ఎక్కడుందా అని వెతికితే అడుగున చీమ తలకాయంత అక్షరాల్లో ‘నిబంధనలు వర్తిస్తాయి’. ఆ ప్యాకేజీ తెచ్చుకుంది ఒక్కడు. మధ్యలో ఉన్నవాడి జీతమెంతో బ్రోషర్ మొత్తంలో లేదు.

బాబాయి: పెళ్లిచూపుల్లో అబ్బాయికి గురకొస్తుందని చెప్తారా ఎవరైనా?

అమ్మాయి: చెప్పరు. కానీ నాన్న ఇక్కడ పొలం కాగితాలు పెట్టి లోన్ తీసుకుంటున్నాడు.

(బాబాయి కాసేపు మాట్లాడడు. కాఫీ గ్లాసు పక్కకి జరుపుతాడు.)

బాబాయి: ర్యాంకులైతే మేం సృష్టించినవి కావు. ఎన్ఐఆర్ఎఫ్ అనే ర్యాంకుల జాబితా కేంద్ర ప్రభుత్వానిది. కాలేజీల నాణ్యత చూసే నాక్ సంస్థ గ్రేడూ బయటివాళ్లు ఇచ్చిందే.

అమ్మాయి: ఎన్ఐఆర్ఎఫ్‌లో మీరున్నది 151–200 బ్యాండ్, అంటే ఆ రెంటి మధ్య ఎక్కడో. బ్రోషర్‌లో అది ‘దేశంలోని టాప్ 200లో’ అయింది. అబద్ధం కాదు, అంచు దగ్గర నిలబడి ఫోటో దిగినట్టుంది. నాక్ గ్రేడ్ మొత్తం సంస్థకిచ్చేది. దాన్ని తీసుకెళ్లి కొత్తగా పెట్టిన ఏఐ బ్రాంచి ఫోటో మీద అతికించారు. ఒక్కో బ్రాంచినీ విడిగా చూసి గుర్తింపునిచ్చే సంస్థ ఎన్‌బీఏ. దాని ఊసే లేదు.

బాబాయి: ఇంగ్లండ్ వాళ్లని పొగిడావుగా, అక్కడ ఇలా రాయరా?

అమ్మాయి: పొగడలేదు. అక్కడ 2012లో ఫీజు గరిష్ఠ పరిమితి ఏడాదికి 9,000 పౌండ్లకి పెంచారు. ప్రకటనలూ దానికి తగ్గట్టే పెరిగాయి. 2017లో అక్కడి ప్రకటనల నియంత్రణ సంస్థ ఒకేసారి ఆరు యూనివర్సిటీల ప్రకటనలు తప్పుదోవ పట్టిస్తున్నాయని తేల్చింది. లెస్టర్ యూనివర్సిటీ ‘ప్రపంచంలో టాప్ 1 శాతం’ అని వేసుకుంది. ర్యాంకుల వాళ్లు అసలు చూడని యూనివర్సిటీల్ని కూడా ఓడించినట్టు లెక్కేస్తే ఒక శాతం రాక ఏమవుతుంది?

బాబాయి: చూశావా, అక్కడా అంతే! మేం మానేస్తే పక్కవాడు వేస్తాడు. మా సీట్లు ఖాళీగా ఉంటే లెక్చరర్లకి జీతాలెక్కణ్ణుంచి? నువ్వు రేపు చేరబోయేదీ అలాంటి ఉద్యోగంలోనే తల్లీ.

అమ్మాయి: అదే నా టెన్షన్ కూడా. దీనికి నా దగ్గర జవాబు లేదు బాబాయ్. అయితే ఇంకో కాగితం చూపిస్తా. పక్కింటి అక్క కొడుకు పోయినేడు మీ దగ్గరే చేరాడు. వాడి ఫీజు రసీదు ఇది. చదువు.

బాబాయి: (కళ్లజోడు పెట్టుకుని) ‘ఒకసారి చెల్లించిన ఫీజు ఎట్టి పరిస్థితిలోనూ తిరిగి ఇవ్వబడదు.’

అమ్మాయి: గడువులోపు సీటు వదులుకుంటే వాపసివ్వాలని యూనివర్సిటీల్ని పర్యవేక్షించే యూజీసీ చెబుతూనే ఉంది, అది వేరే సంగతి. ఆ ఆఖరి మాట చూడు. ‘ఇవ్వబడదు’. ఇందాక తాతయ్య కాలానిదని నవ్వావే, ఆ ‘బడు’ ఎక్కడికీ పోలేదు. డబ్బు కట్టేదాకా ‘మేం, నువ్వు, మన క్యాంపస్’. కట్టిన మర్నాటి నుంచి ‘అనుమతించబడరు’, ‘ఇవ్వబడదు’. బ్రోషర్ ఒక్కటే చదివితే ఇది తెలియదు. రెండూ పక్కపక్కన పెట్టాలి.

బాబాయి: రసీదు అకౌంట్స్ వాళ్లది. నేను చూసేది బ్రోషరే.

అమ్మాయి: లోగో రెండింటి మీదా ఒకటే కదా.

బాబాయి: (రసీదు మడిచి, మళ్లీ విప్పి) సరే. నీకిప్పుడు ఏం కావాలి?

అమ్మాయి: తమ్ముడు అడుగుతున్న బ్రాంచిలో పోయినేడు ఫైనలియర్‌లో ఎంతమంది ఉన్నారు, ప్లేస్‌మెంట్‌కి ఎంతమందిని రిజిస్టర్ చేసుకున్నారు, ఎంతమందికి ఆఫర్ లెటర్ వచ్చింది, మధ్యవాడి జీతమెంత. ఈ నాలుగూ.

బాబాయి: సోమవారం ప్లేస్‌మెంట్ సెల్‌కి ఫోన్ చేసి చెప్తా.

అమ్మాయి: ఆదివారం రాత్రికి ఆప్షన్లు ఫ్రీజ్ చేయాలి బాబాయ్.