సవరణ: ఆక్సిజన్ 95 శాతానికి చేర్చాలన్న మాట గురించి

చెన్నైలో సీఓపీడీ (ఊపిరితిత్తుల్లో గాలిదారులు ఇరుకై శ్వాస కష్టమయ్యే దీర్ఘకాలిక జబ్బు) రోగులను ఇంట్లో చూసుకుంటున్న తెలుగు కుటుంబాల కోసం గత వారం రాసిన టపాలో, వేలికి పెట్టే ఆక్సీమీటరు రక్తంలో ఆక్సిజన్‌ను 95 శాతం కంటే తక్కువ చూపితే కాన్సెంట్రేటర్ (గాలి నుంచి ఆక్సిజన్‌ను వేరుచేసి ఇచ్చే యంత్రం) ప్రవాహాన్ని పెంచాలని చెప్పాను. అది నా తప్పు. కోవిడ్ రోజుల్లో మనసులో నాటుకుపోయిన లెక్కను సరిచూసుకోకుండా రాసేశాను.

రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పేరుకునే ప్రమాదమున్న సీఓపీడీ రోగులకు శ్వాసకోశ వైద్య మార్గదర్శకాలు సూచించే ఆక్సిజన్ లక్ష్యం 88 నుంచి 92 శాతం. అవసరానికి మించి ఆక్సిజన్ ఇస్తే కార్బన్ డయాక్సైడ్ మరింత పెరిగి, తలనొప్పి, మగత, అయోమయం కలిగి, పరిస్థితి ప్రాణం మీదికి రావచ్చు. టపా చదివిన ఒక ఛాతీ వైద్యురాలు ఈ సంగతి ఎత్తిచూపిన తరువాత మార్గదర్శకాలను స్వయంగా చదివి ధ్రువపరచుకున్నాను.

అదే టపాలోని రోజుకు కనీసం 15 గంటల ఆక్సిజన్ అన్న వాక్యాన్ని కొందరు సీఓపీడీ ఉన్న అందరికీ వర్తింపజేసుకున్నారు. విశ్రాంతిలో ఉన్నప్పుడు కూడా ఆక్సిజన్ బాగా తక్కువని ధమని రక్తపరీక్షలో తేలినవారికే అది వర్తిస్తుంది.

మా ఇంట్లో పగలు అత్తయ్య, రాత్రి తమిళం మాత్రమే చదవగల ఆయా, సీఓపీడీ ఉన్న మామయ్యను చూసుకుంటారు. అందువల్ల కాన్సెంట్రేటర్ మీద వైద్యులు రాసిచ్చిన నిమిషానికి 2 లీటర్ల గీత దగ్గర తెల్ల ప్లాస్టర్ అంటించి, దానిపై 88–92 అని అంకెలు మాత్రమే రాశాం. అంకె 88 కంటే దిగితే మీట తిప్పడం కాదు, ముందు వైద్యులకు ఫోన్ చేయాలి. ఆయాసం ఎక్కువైతే 108కి.