ఛాతీకి పట్టీ సరే, అటు చివర ఎవరున్నారు?

గుండె పంపింగ్ తగ్గిందని మందులిచ్చి పంపిన మూడో వారం, ఆలూరు దగ్గరి మా ఊళ్లో మా పెద్దనాన్న కాలి మడమ పైన వేలితో నొక్కి చూశాను. పడిన గుంట అలాగే ఉండిపోయింది. "బస్సులో కాళ్లు వేలాడేసి కూర్చున్నా కదరా" అన్నాడాయన. మేమూ నమ్మాం. మూడో రాత్రి పడుకుంటే ఊపిరాడక గోడకు ఆనుకుని కూర్చునే ఉన్నాడు. తెల్లారి ఆటోలో ఆదోని, అక్కణ్నుంచి కర్నూలు. డిశ్చార్జి కాగితంలో 58 కిలోలున్న మనిషి అక్కడి తూకంలో 62. పెరిగిందంతా ఒంట్లో చేరిన నీరే.

ఇంట్లో ఒక తూకం మిషను, బీపీ మిషను, వేలికి తగిలించే ఆక్సిమీటరు, ఛాతీకి అంటించే ఈసీజీ పట్టీ ఉండి, ఆ అంకెలు రోజూ ఫోన్లో డాక్టరుకు చేరితే, వాపు మొదలైనప్పుడే నీరు పోయే మాత్ర పెంచమనేవారు. ఈ ఏర్పాటు కర్నూలు, అనంతపురం లాంటి జిల్లాలకే ముందు రావాలి. ఇక్కడి పడమటి మండలాల జనం సుగ్గికని, అంటే కోత కూలికి వలసగా, నెలల తరబడి గుంటూరు మిరప చేలకు పోతారు. ఆస్పత్రి రాసిచ్చిన చెకప్ తేదీ వాళ్లతో రాదు, పట్టీ వస్తుంది.

పల్లెల్లో వీటిని వాడటం రాదంటారు కొందరు. ఉపాధి పని హాజరునే ఫోన్లో ఫొటో తీసి ఎక్కిస్తున్న ఊళ్లకు తూకం ఎక్కడం రాదా! అయితే ఇంకో అభ్యంతరం ఉంది, అది గట్టిదే: అంకెలు పంపినంత మాత్రాన మనిషి బతుకుతాడా? అమెరికాలో 1,653 మంది గుండె రోగులతో రోజూ ఫోన్ చేయించి లక్షణాలు, బరువు చెప్పించారు. అటువైపు మనిషి లేరు, ఉన్నది రికార్డు చేసిన గొంతు. లాభం కనిపించలేదని 2010లో తేలింది. జర్మనీలో 1,571 మందితో చేసిన అధ్యయనం 2018లో వచ్చింది. అక్కడ దాదాపు ఇలాంటి పరికరాలే, కానీ అటువైపు 24 గంటలూ డాక్టర్లు, నర్సులు. ఏడాదికి నూటికి 11 దాకా ఉండే మరణాలు 8 లోపుకు తగ్గాయి.

నా పోరంతా ఇక్కడే. సీమకు సామాను వస్తుంది, మనుషులు రారు. బిల్డింగు కడతారు, రిబ్బన్ కత్తిరిస్తారు, ఫొటో పేపర్లో పడుతుంది. లోపల మిషను మీద గుడ్డ కప్పి ఉంటుంది, టెక్నీషియన్ పోస్టు ఖాళీ. గుండె పట్టీలకూ రేపు టెండర్ పిలుస్తారు. ఎన్ని వేల పట్టీలు కొంటున్నారన్నది నాకు అనవసరం. రాత్రి 2 గంటలకు ఆ అంకెలు చూసే నర్సుకు జీతం ఏ పద్దులో పెట్టారో అది చూపించమనండి.

మా పెద్దనాన్న ఇప్పుడు పొద్దున్నే ఎరువుల అంగడి కాటా ఎక్కి, అంకె నాకు ఫోన్లో చెప్తాడు. నిన్న 59న్నర. మాత్ర పెంచాలో వద్దో చెప్పే చదువు నాకు లేదు.